కుడి... ఇంకొంచెం

శరణప్పకు తెలుగు రాదని తేల్చుకోవడానికి నాకు స్టేషన్లో రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసం ఇన్‌స్పెక్టర్ పూవప్ప నన్ను పొద్దున్నించీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. చిక్కబళ్ళాపురలో ప్రైవేటు డిటెక్టివ్ రంజిత అంటే, పెళ్ళికొడుకు మంచివాడా కాదా అని ఇరుగుపొరుగుల్ని అడిగి చెప్పే ఆడమనిషి అని ఆయన నమ్మకం. నా పనిలో ముప్పాతిక అదే కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అయినా తెచ్చుకున్నాను.

శరణప్ప కటకటాల వెనక మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. ఉత్తర కర్ణాటకలో యాదగిరి వైపు నుంచి కూలికి వచ్చి, పేరేసంద్రలో ముత్యాలప్ప తోటలో పనికి కుదిరాడు. మంగళవారం పొద్దుగూకే వేళ ఆ తోటలోని కృషిహొండలో, అంటే వాననీళ్ళ కోసం నల్ల ప్లాస్టిక్ పరిచి తవ్విన గుంటలో, ముత్యాలప్ప మునిగి చచ్చిపోయాడు. చొక్కా నిండా బ్రాందీ వాసన, జేబులో సగం ఖాళీ అయిన ప్యాకెట్టు. ముసలాయనకు తాగించి, తూలిపడుతుంటే పట్టుకోకుండా పారిపోయాడని పూవప్ప శరణప్ప మీద కేసు కట్టాడు. రక్తపరీక్ష ఫలితం ఇంకా రాకముందే రేపు కోర్టులో హాజరుపరుస్తాడు.

"కుడి," అన్నాను నేను శరణప్పతో. చెయ్యి కదపలేదు, కన్ను కదపలేదు.

"చహా బ్యాడ్రీ అక్కా," అన్నాడు. టీ వద్దట.

కన్నడంలో కుడి అంటే తాగు. నేను మర్యాద చేస్తున్నాననుకున్నాడు పాపం.

"ఇంకొంచెం," అన్నాను.

ఈసారి నా మొహమూ ఇన్‌స్పెక్టర్ మొహమూ మార్చి మార్చి చూశాడు. ఆ మాట అతని చెవికి ఎక్కలేదు. నాకు కావలసింది దొరికింది, లేచి వచ్చేశాను.

ఈ కేసు నాకు అప్పజెప్పింది ముత్యాలప్ప భార్య మునిరత్నమ్మ. చంపిందెవరో కనుక్కోమని ఆమె అడగలేదు. ఆమె అడిగింది వేరే. "పదేండ్ల కింద నా తాళి పట్టుకొని ఒట్టేసినాడు రంజితమ్మా, ఇంగ తాగనని. ఆ దినం నుంచి నేను ఆయప్ప నోరు వాసన చూసింది ల్యా. నమ్మినా. ఇప్పుడు చూస్తే జేబులో ప్యాకెట్టు. పదేండ్లూ నన్ను మోసం చేస్తా వచ్చినాడా, ల్యాదా? అది చెప్పు చాలు. నేను ఏడ్సాల్నో, తిట్టాల్నో నాకే తెలీకుండా ఉండాది."

ఆమె ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ ఉంది. చనిపోయే ముందు భర్త పంపింది. కన్ను ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన నంబరు వెతుక్కోలేక, మీట నొక్కి మాట్లాడి పంపేవాడు. "మునిరత్నా, తోటకాడ ఉండా. దీపం పెట్టే పొద్దుకి వచ్చేస్తా," అని ముందు ఆయన గొంతు. మీట వదలడం మరిచాడేమో, తర్వాత గాలి హోరు, బోరు మోటారు మోత. వాటి మధ్యలో ఇంకెవరిదో తగ్గు గొంతు, ఎవరిదని చెప్పలేనంత చిన్నగా, "కుడి... కుడి... ఇంకొంచెం." మళ్ళీ ముత్యాలప్ప, "సరే నాయనా." అంతే. ఫోను ఆయనతో పాటే నీళ్ళలోకి పోయింది.

నాకంటే ముందు దాన్ని ఆమె పూవప్పకు ఒక్కడికే వినిపించింది. మంగళూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆయన తాగు, తాగు, ఇంకొంచెం అని అర్థం చెప్పాడు. ఆమె సిగ్గుతో ఆ ఫోను కొంగులో ముడేసుకుని, చుట్టాలెవరికీ అలాంటిది ఉందనే చెప్పలేదు. కర్ణాటక సరిహద్దులోని మన ఊళ్ళలో తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో కాపురం చేస్తాయి కాబట్టి పోలీసు చెప్పిన అర్థమే ఆమెకూ వినబడింది. నాకూ మొదటిసారి అదే వినబడింది, అందుకే నా మీద నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి పేరేసంద్ర తోటలో ముగ్గురం నిలబడ్డాం. నేను, మునిరత్నమ్మ, నేనేం కెలుకుతానోనని వెనకే జీపులో వచ్చిన పూవప్ప. ఆయనతో మాటలు కన్నడంలో సాగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మోటారు షెడ్డు నుంచి రోడ్డుకు కాలిబాట తిన్నగా పోతుంది. బాటకు కుడిపక్కన ఇనుప కంచె, దానికి చిన్న తలుపు, తలుపు దాటితే గుంట. పోలీసులు రోడ్డు వైపు నుంచి వచ్చి ఆ వైపంతా తొక్కేశారు. షెడ్డు వైపు మాత్రం డ్రిప్పు పైపు కారి తడిసిన మన్ను, ఎండకు గట్టిపడి, ఎవరి కాలూ పడకుండా మిగిలింది. అందులో ముత్యాలప్ప చెప్పుల గుర్తులు, ఎడమపక్క చేతికర్ర గుంటలు. కొంచెం వెనగ్గా ఇంకో జత బూట్ల గుర్తులు.

"తాగినవాడి కర్ర ఇంత కుదురుగా పడుతుందా సార్?" అన్నాను.

"మొదటి ప్యాకెట్టు వరకూ అందరూ కుదురుగానే నడుస్తారు మేడమ్."

"బాట తిన్నగా ఉంది. ఈ అడుగులు చూడండి. ఇక్కడ కొంచెం కుడికి తిరిగాయి. ఇక్కడ మళ్ళీ. ఇదిగో ఇక్కడ పూర్తిగా తిరిగి కంచె తలుపులోకి పోయాయి. మెసేజ్‌లో మూడు మాటలు, అడుగులు మూడుసార్లు తిరిగాయి. తెలుగులో కుడి అంటే కుడిపక్క, మీ కన్నడంలో బల. ఆయనకు కుడికన్ను మీద కట్టు, ఎడమకన్ను ముందునుంచీ మసక. ఎవరో దారి చెప్పి నడిపించుకుపోయారు."

పూవప్ప నవ్వాడు. "గాలి హోరులో మీకు తెలుగు వినబడింది, నాకు కన్నడం వినబడింది. కోర్టుకు ఏది వినబడుతుందో చూద్దాం."

"ఆఖరి మాట మీ కన్నడం ఇన్నొంచూరు కాదు సార్, తెలుగు ఇంకొంచెం. ఆ మాట శరణప్పకు తెలియదు. పొద్దున మీ ముందరే అడిగాను."

"మా కానిస్టేబుల్ ఒక్కో మాట కన్నడంలో ఎత్తుకుని తెలుగులో దించుతాడు. మీ ప్రాంతంలో ఏడాది ఉంటే శరణప్ప అయినా నేర్చుకుంటాడు, మీ దగ్గర నటించాడు. పోనీ శరణప్ప కాదు, మరి ఎవరు? పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్క బావమరిది, అతను ఆ రోజు నడిసముద్రంలో ఉన్నాడు. ఓడ ఎక్కుతున్న ఫోటో నేనే చూశాను."

"ఎక్కుతున్న ఫోటోనా, ఓడ కదిలాక తీసిన ఫోటోనా?"

"రెండింటికీ తేడా ఏమిటి?" అని విసుక్కుని, ఇంకోసారి స్టేషన్ గుమ్మం తొక్కితే కేసుకు అడ్డం పడ్డానని రాస్తానని చెప్పి, జీపు వైపు నడిచాడు. నాకు జవాబు చెప్పాలని నాలుక దురద పెట్టింది కాని, అప్పుడే మునిరత్నమ్మ గట్టు మీద కూలబడింది.

"కుడి అంటే కుడిపక్క. అంతేనా?" అంది.

"అంతేనమ్మా."

"అయితే తాగల్యా ఆయప్ప."

"తాగలేదు. బ్రాందీ ఎవరో పైన పోసినారు. ఒట్టు నిలుపుకున్నాడు."

ఆమె మొహంలో మూడు రోజుల బరువు దిగడం చూశాను. ఒక్క నిమిషమే. తర్వాత పెదాలు మెల్లగా కదిలాయి, శబ్దం లేకుండా ఆ మూడు మాటలే తనలో తాను అనుకుంటోంది. అనుకుంటూ అనుకుంటూ ఆమె మొహం బిగుసుకుపోయింది. ఏమైందని అడిగాను. "చింతామణికి పోదాం పా. కిశోర్ ఇంటికి," అంది. సూతకంలో ఉన్న మనిషి గడప దాటకూడదని చుట్టాలు అడ్డం పడ్డా వినకుండా వచ్చి నా కార్లో కూర్చుంది. "ఆ పోలీసప్పని కూడా రమ్మను," అంది. నేను ఫోను చేస్తే పూవప్ప నాలుగు మాటలు తిట్టి, ముసలామె రమ్మందంటే వస్తానన్నాడు.

కిశోర్ ఆమె తమ్ముడు. తండ్రి లేడు, తల్లి చెన్నమ్మకు చూపు పోయింది. తమ్ముణ్ణి మునిరత్నమ్మే ఎత్తుకుని పెంచింది. పెళ్ళయ్యాక ముత్యాలప్ప కూడా వాణ్ణి కొడుకులాగే చూశాడు. హైవే పక్క తోటను లేఅవుటు వెయ్యడానికి ఇమ్మని ఏడాదిగా కిశోర్ అడుగుతుంటే, "నా కండ్ల ముందర వద్దు నాయనా," అన్నదొక్కటే ఆయన కాదన్న మాట. ఆ మాట వాడి మనసులో ఉండిపోతుందేమోనని, కిశోర్‌నూ వాడి భార్యనూ చెన్నై నుంచి మూడు రాత్రుల ఓడ విహారానికి ముత్యాలప్పే పంపించాడు. సోమవారం సాయంత్రం ఓడ కదిలింది, గురువారం పొద్దున తిరిగొచ్చింది. సముద్రంలో ఫోను పలకదు కాబట్టి దహనానికి తమ్ముడు లేకుండానే అయిపోయింది. నిన్న సాయంత్రం వాడు అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడని ఊరంతా చెప్పుకుంది.

దారిలో ఆమె ఒక్కటే అడిగింది. "ఓడెక్కినాక దిగేకి అవుతాదా?"

ఓడలో ఫోను నిజంగానే పలకదా అన్న అనుమానంతో నేను నిన్ననే ఒక వీడియో చూశాను. పెద్ద ఓడలో విహారానికి వెళ్ళేవాళ్ళు ఏమేమి చూడబోతారో ఒక హైదరాబాదు అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. "కదిలే లోపల కార్డు చూపించి దిగొచ్చునమ్మా. తిరిగి రాకుంటే ఓడ ఎవరికోసమూ కాచుకోదు," అన్నాను. సోమవారం సాయంత్రం చెన్నైలో దిగినవాడు మంగళవారం పొద్దుగూకే లోపల పేరేసంద్రకు తీరిగ్గా రావచ్చు. అది నేను పైకి అనలేదు, ఆమె అడగనూ లేదు.

చింతామణిలో కిశోర్ ఇంటి ముందర నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. వాకిట్లో నేల కింది సంపు మూత తీసి, పైపు దించి నీళ్ళు వదులుతున్నారు. దాన్ని చుట్టి లోపలికి పోయాం. కిశోర్ ఎదురొచ్చి అక్క చేతులు పట్టుకున్నాడు. మనిషి మెత్తగా మాట్లాడతాడు. వాడి భార్య ఆశా కాఫీకి లోపలికి పోయింది.

నేను పోలీసు గొంతు పెట్టలేదు. "మా అమ్మని ఓడ మీద తీసుకుపోదామని ఉండాది కిశోరప్పా. మీరు పోయొచ్చినారు కదా, ఎట్లుంటాదో చెప్పు. మాకు ఏమీ తెలీదు," అన్నాను.

"కండ్లు మూసుకొని పోండి మేడమ్. అది ఓడ కాదు, ఊరు. ఎక్కంగానే కార్డొకటి ఇస్తారు, గది తలుపుకీ అదే, అన్నానికీ అదే. కదిలేకి ముందర అందర్నీ పిలిచి, ప్రమాదం వస్తే యాడ నిలబడల్ల, లైఫ్ జాకెట్ ఎట్ల కట్టుకోవల్ల అని చూపిస్తారు. అది తప్పించుకునేకి కాదు. తినేకి ఎంత కావాలంటే అంత, పొద్దున్నించీ పెడ్తానే ఉంటారు. సాయంత్రమైతే డ్యాన్సులు, ఐసు మీద ఆటలు. గదికి వస్తే తువ్వాలు మడిచి ఏనుగు చేసి పెట్టింటారు. మర్నాడు ఏమేముంటాదో కాగితం తలుపు కింద తోస్తారు. ఆఖరి దినం పెట్టెలు తలుపు బయట పెడితే వాళ్ళే దించుతారు."

ఒక్క తప్పు లేదు. వీడియోలో అమ్మాయి చెప్పినవే, దాదాపు ఆ వరసలోనే. నా అనుభవంలో ప్రయాణం చేసొచ్చిన మనిషి ముందు నడుము నొప్పి చెబుతాడు, తర్వాత కూరలో ఉప్పు చెబుతాడు, అన్నీ అయ్యాక బాగుందంటాడు. వీడు బాగుందనే చెబుతున్నాడు.

ఆశా కాఫీ తెచ్చింది. ఆమెనూ అదే అడిగాను.

"బాగుండాది అక్కా. కానీ చారు ల్యాదు, నాలిక చచ్చిపోయింది. నేల ఊగతానే ఉంటాది, ఇంటికొచ్చినా ఊగతాండాది. స్నానాలగది బీరువా అంత. రెండో దినం లోపల గడియ పడిపోయి తలుపు బాదుతాంటే పలికే దిక్కు ల్యా. గది సర్దే అబ్బాయి వచ్చి తీసినాడు. నెల్లూరామె ఒకామె తోడు దొరికింది కాబట్టి సరిపోయింది, ల్యాకుంటే మూడు దినాలూ గోడలు చూస్తా కూర్చునేదాన్ని."

"కిశోరప్ప యాడున్నాడమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది.

"నాకు ఓడ పడల్యా మేడమ్," అన్నాడు కిశోర్. "కడుపులో తిప్పేది. పైన గాలికి పడుకొనుంటి."

"ఎన్ని దినాలు?"

"మూడు దినాలూ అంతే."

"అయితే పొద్దున్నించీ తిన్నదెవరు? డ్యాన్సు, ఐసు మీద ఆట ఎవరు చూసినారప్పా?"

"మొదటి దినం బాగుంటి. అప్పుడు చూసినా."

"ఐసు మీద ఆటా?" అంది ఆశా, నిజంగానే ఆశ్చర్యపోయి. "మా ఓడలో యాడుండాది అది?"

ఆ ఆట వీడియో తీసిన ఓడలో ఉంది, వీళ్ళ ఓడలో లేదు. కిశోర్ మొహంలో నవ్వు అలాగే ఉంది కాని, దాన్ని ఎక్కడ పెట్టాలో వాడికి తెలియడం లేదు. ఇంకొక్క ప్రశ్న చాలని నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"చాల్లే రంజితమ్మా," అంది మునిరత్నమ్మ. "పోదాం."

నాకు తిక్క రేగింది. దొంగ గోడెక్కి ఉంటే నిచ్చెన తీసుకుపోదాం అన్నట్టుంది ఆమె వరస. కాని ఆమె అప్పటికే లేచింది. గుమ్మం దగ్గర ఆగి, రెండు కళ్ళూ కొంగుతో ఒత్తుకుని, అలాగే మూసుకుంది.

"ఏడ్చి ఏడ్చి కండ్లు మంటలు కిశోరా. తెరిసేకి కాలేదు. కారు కాడికి నడిపించు. చెయ్యి పట్టుకోవద్దు. అమ్మకి చెప్తాంటివే, అట్ల చెప్పు."

వాడికి ఊపిరి తిరిగింది, నా ప్రశ్న తప్పింది కదా. "పా అక్కా," అని ఆమె వెనగ్గా, ఎడమ భుజం పక్కన నిలబడ్డాడు. నేను వెనకే నడిచాను. గేటు దగ్గర జీపు దిగి పూవప్ప నిలబడి ఉన్నాడు.

వాకిట్లో ఎడమపక్క సంపు నోరు తెరుచుకుని ఉంది. మునిరత్నమ్మ కళ్ళు మూసుకుని తిన్నగా దాని మీదికే నడిచింది. కిశోర్ ఆమెను తాకలేదు. వంగి, చెవి దగ్గర, తగ్గు గొంతుతో, చిన్నప్పుడు గుడ్డితల్లికి దారి చెప్పిన అలవాటుతో చెప్పాడు.

"కుడి... కుడి... ఇంకొంచెం."

ఆమె అడుగులు మూడుసార్లు తిరిగాయి. సంపును దాటుకుని గేటు దాకా క్షేమంగా వచ్చింది. పూవప్ప చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. ఆయనకు తెలుగు రాదు, కాని ఆ గొంతూ ఆ ఒడుపూ మునిరత్నమ్మ ఫోన్లో ఆయన ఎన్నోసార్లు విన్నవే.

మునిరత్నమ్మ కళ్ళు తెరిచింది. వెనక్కి తిరిగి సంపును ఒకసారి చూసింది. కొంగు ముడి విప్పి, ఫోను తీసి, మీట నొక్కింది. గాలి హోరు, మోటారు మోత, మూడు మాటలు. ఆ తర్వాత ముత్యాలప్ప గొంతు, చల్లగా, "సరే నాయనా."

అలాంటిది ఒకటి ఉందని కిశోర్‌కు అప్పటిదాకా తెలియదు. వాడు ఫోనును చూడలేదు, అక్కను చూడలేదు. వెనక్కి తిరిగి పెళ్ళాన్ని చూశాడు, ఆమైనా తన పక్కన ఉందేమోనని. ఆశా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఓడ కదలకముందే దిగేసి పోతివి కదా నువ్వు," అంది. "లేఅవుటు పని ఉండాదంటివి, అక్కకి చెప్తే బావ పంపించింది వృథా అయిందని బాధపడ్తాదంటివి. అందుకని కదా నేను అబద్ధం చెప్పింది."

పూవప్ప గేటు మూసి దాని ముందర నిలబడ్డాడు. మునిరత్నమ్మ మాత్రం తమ్ముడి దగ్గరికి నడిచింది, చిన్నప్పుడు ఎత్తుకున్నవాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నేను తట్టుకోలేకపోయాను.

"మూడు దినాలుగా ఆయప్పని తిట్టుకుంటా ఉంటి, నన్ను మోసం చేసి పోయినాడని. గుడ్డిదానికి దారి ఎట్ల చెప్పల్లో నీకు నేర్పించింది నేను కిశోరా. అమ్మకి సరిగ్గా చెప్తివి. నాకు సరిగ్గా చెప్పినావు. మీ బావకొక్కడికి గుంటలోకి ఎందుకు చెప్పినావు?"